మూడో వరుస చూపరి

ఎంట్రీ 1. కార్తీకం

ఈ దినచర్యలో చూసింది మాత్రమే రాయాలి, అనుకున్నది రాయకూడదు అని మొదటి పేజీలోనే అచ్చు వేశారు. అనుకున్నది ఎవరితో చెప్పుకోవాలో మాత్రం అచ్చు వెయ్యలేదు. అందుకని నేను రెండూ కలిపే రాస్తాను. నా ఏడాది అయ్యాక చదివేవాళ్లకి ఓపికుంటే వాళ్లే ఏరుకుంటారు.

నా పేరు నూకరత్నం. తెప్పలూరు మూడో వరుసలో చివరి తెప్ప మీది ఇల్లు నాది. ఇంట్లో నేనొక్కదాన్నే. పొద్దున్నే లేచి మోకులు బిగించుకోవడం, తెప్ప అంచుకి పట్టిన గుల్ల గీకడం, కప్పు మీద రాత్రి కురిసిన మంచునీళ్లు కుండలోకి దించుకోవడం అయ్యాక రేవుకి వెళ్లి మైకు ముందు కూర్చునేదాన్ని. ఏ పడవ ఎప్పుడొస్తుందో, ఏది పోటు తగ్గేదాకా ఆగుతుందో ఊరందరికీ చెప్పే ఉద్యోగం. నేను నోరు మూసుకుంటే ఊరికి జ్వరం తగిలినట్టే అని నా చిన్ననాటి నేస్తం లోవకుమారి వెక్కిరించేది. అలాంటి నా పేరు చూపరిగా చీటీలో వచ్చింది.

ఇవాళ సభ తెప్ప మీద నా కుడి చేతికి కంకణం బిగించారు. ఇక ఏడాదిపాటు ఈ వరుస పోలీసుని కనిపెట్టుకుని ఉండాల్సింది నేనే. పోలీసు నుదుటి మీద పట్టీ ఉంటుంది. ఆయన ఎవరితో మాట మొదలుపెట్టినా ఆ పట్టీ తనంతట తనే బొమ్మనీ మాటనీ పట్టేస్తుంది. వారం వారం అదంతా సీలు వేసిన డబ్బాలో నా దగ్గరికొస్తుంది. తెర మీద చూసి 'సరే' అని వేలిముద్ర వేస్తే పోలీసు రాసిన కేసు నిలబడుతుంది. 'కాదు' అని వేస్తే లోపలున్న మనిషి బయటికొస్తాడు, పోలీసు పంచాయితీ ముందు నిలబడతాడు. నేను వేలు వేసేదాకా లాకప్పులో ఉన్నవాళ్లు ఉన్నచోటే ఉంటారు.

దీనికొక షరతు. చూపరితో ఎవరూ మాట్లాడకూడదు. చూపరీ ఎవరితో మాట్లాడకూడదు. బతిమాలేవాళ్లు, బెదిరించేవాళ్లు దగ్గరికి రాకుండా పెద్దలు పెట్టిన కట్టుబాటు, మాటకట్టు అంటారు. ఎవరు నోరు జారినా కంకణం ఎర్రబడుతుంది, ఆ వారం చూసిందంతా చెల్లకుండా పోతుంది. వేరే వరుస చూపరి మళ్లీ చూసేదాకా లోపలివాళ్లు లోపలే. అందుకే మా ఊళ్లో ఈ కట్టు ఎవరూ తప్పరు. సభ నుంచి నేను నడిచొస్తుంటే నాతో పుట్టి పెరిగినవాళ్లంతా మొహాలు పక్కకి తిప్పుకున్నారు. అది మర్యాదే.

ఎంట్రీ 3. మార్గశిరం

డబ్బా తెచ్చే మనిషి ఇవాళ రెండోసారి వచ్చాడు. హెడ్ కానిస్టేబులు భీమేశ్వర్రావు గారు, నేను కనిపెట్టి చూడాల్సిన పోలీసే. తీగల్లో వచ్చిన బొమ్మని నమ్మే రోజులు మా తాతల నాడే పోయాయి కాబట్టి డబ్బా చేతి మీదుగానే రావాలి, సీలు పగలకుండా తెచ్చే పూచీ పోలీసుదే. అప్పగించేటప్పుడు సీలు పగల్లేదని, డబ్బా ముట్టిందని రెండు వాక్యాలు పైకి చదవాలి. అందుకని కంకణం ఆయన గొంతుకి ఎర్రబడదు.

ఆయన రెండు వాక్యాలూ చదివేశాడు. తరవాత చెప్పులు తొడుక్కుంటూ, "మీ మోకు ఈశాన్యం వేపు నలిగిపోయిందండి అక్కగారూ, చూసుకోండి," అన్నాడు.

నేను కంకణం వైపు చూశాను. ఎర్రబడలేదు. ఆయన నవ్వి, నాకేం భయం లేదండి, నా గొంతుకి పట్టింపు లేదు దీనికి, అన్నాడు. ఆయన వెళ్లాక ఆ మోకు చూశాను. నిజంగానే నలిగింది. కొత్తది కడుతున్నంతసేపూ ఆ ఒక్క మాటే చెవిలో తిప్పుకుంటూ ఉన్నాను.

ఎంట్రీ 8. పుష్యం

రేవు పక్కన లోవకుమారి టిఫిను పడవ ఉంది. నేను వెళ్లేసరికి అక్కడ కబుర్లు చప్పున ఆగిపోతాయి. నేను వేళ్లు చూపిస్తే అది పెసరట్లు వేసిస్తుంది. నేను తిని లేచి నాలుగు అడుగులు వేశాక మళ్లీ వెనక నుంచి నవ్వులు మొదలవుతాయి. నా మీద నవ్వు కాదని తెలుసు. అయినా ప్రతిసారీ వెనక్కి తిరిగి చూస్తాను.

మొన్నామధ్య నాకు ఒళ్లు కాలిపోయేంత జ్వరం. అలాగే వెళ్లాను. లోవకుమారి నా మొహం చూసి ఆపుకోలేక, "ఒసే, ఏవైందే నీకు?" అనేసింది. అంతే, కంకణం ఎర్రబడింది. నూనె డ్రమ్ము కాజేశాడని లోపల కూర్చోబెట్టిన ఒక ముసలాయనకి నేను ఆ ఉదయమే 'కాదు' వేసి ఉన్నాను. అది చెల్లలేదు. పాపం ఆయన ఇంకో వారం లోపలే ఉన్నాడు. అప్పట్నుంచి లోవకుమారి నా కళ్లలోకి చూడ్డం మానేసింది. పెసరట్టు ఇచ్చేటప్పుడు కూడా తల వంచుకునే ఉంటుంది.

నాకు ఒంటరిగా ఉంది. ఇది చూసింది కాదు, అనుకున్నదీ కాదు. ఏ పద్దు కింద రాయాలో తెలీక ఇక్కడ రాశాను.

ఎంట్రీ 11. మాఘం

ఒక సంగతి కనిపెట్టాను. డబ్బాలో మనుషులు మాట్లాడుకుంటారు.

పోలీసు ఎవరినో పడవ లైసెన్సు అడుగుతుంటే వెనక ఎవరో పిల్లని కేకలేస్తూ ఉంటారు. చేపల బేరం వినపడుతుంది. లోవకుమారి పడవ పక్కనుంచి పోయినప్పుడు దాని గొంతు వస్తుంది, "అల్లం చెట్నీ అయిపోయిందండి, ఏం చేసుకుంటారో చేసుకోండి" అని. అన్నం కంచం తెర ముందు పెట్టుకుని అవి విని, ముద్ద దిగాక నేనూ జవాబు చెప్తున్నాను. బొమ్మతో మాట్లాడితే కంకణం ఏమీ అనదు.

అవి కాక మిగతాదంతా విసుగు. లైసెన్సు, జరిమానా, మళ్లీ లైసెన్సు.

ఎంట్రీ 17. చైత్రం

భీమేశ్వర్రావు గారు వచ్చే సోమవారం కోసం తల దువ్వుకుంటున్నానని రాస్తే చదివేవాళ్లు ఇంకేదో అనుకుంటారు. అనుకోనివ్వండి. ఆయనకి నా తమ్ముడి వయసు. ఆయనతో నేను మాట్లాడినా కంకణం ఎర్రబడదు, ఒక మనిషి నా మాటకి జవాబు చెప్పేది వారంలో ఆ కాసేపే, అందుకే దువ్వుకుంటున్నాను.

ఆయన గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటాడు. ఎవరికి పిల్ల పుట్టిందో, ఎవరి తెప్ప తెగిపోయి రెండో వరుసకి కొట్టుకుపోయిందో, రేవులో నా బదులు మైకులో మాట్లాడే అమ్మాయి పడవల పేర్లు ఎలా తడబడుతోందో అన్నీ చెప్తాడు. ఆయన కూతురు ఈత నేర్చుకోనని మొండికేసిందట. తెప్పలూరులో పుట్టి ఈత రాకపోతే ఎలాగండి అని దిగులుపడ్డాడు. నేను మెళకువలు చెప్పాను. పై వారం వచ్చి పిల్ల ఈదిందండి అన్నాడు. ఆ రోజంతా నాకు పండగే.

డబ్బాలో ఏముందో కూడా ఆయనే చెప్పేస్తాడు. ఫలానా రోజు తాగుబోతు గొడవండి, ఫలానా రోజు ఏం లేదండి అని. చెప్పడంలో తెర కంటే ఆయనే బాగా చెప్తాడు. దాంతో నేను తెర మీది వేగాన్ని నాలుగు రెట్లు పెంచి పెడుతున్నాను. లోవకుమారి పడవ వచ్చిన చోట మాత్రం మామూలు వేగానికి దింపుతాను.

ఎంట్రీ 31. శ్రావణం

ఈ వారం డబ్బా ఇస్తూ ఆయన, "ఏం లేదక్కగారూ. ఆ తాతబ్బాయి నన్ను నీళ్లలోకి తోసేశాడు, అంతే. నా రాతే చూసి వేలేసెయ్యండి," అన్నాడు. ఈసారి పీట మీద కూర్చోలేదు.

తాతబ్బాయంటే మా వరుసలోవాడే. అడక్కుండా తన పడవని నా మోకుకి కట్టేస్తాడు, దానివల్ల నా ఇల్లు ఒక పక్కకి ఒరుగుతుంది. కాదంటే వాదిస్తాడు. వాడికి తగిన శాస్తి జరిగిందని నాకు కాస్త సంతోషం కలిగిన మాట కూడా రాయాలి. డ్యూటీలో ఉన్న హెడ్డుని నీళ్లలోకి తోస్తే శిక్ష చిన్నది కాదు, నదీముఖం దగ్గర ఇసుక తోడే పంటు మీద రెండేళ్ల చాకిరీ. అక్కడికి వెళ్లి నడుం నిటారుగా తిరిగొచ్చినవాణ్ని నేను చూడలేదు.

వేలు వెయ్యడానికి చెయ్యి చాపాను కూడా. ఆ జరిగింది లోవకుమారి పడవ దగ్గరని రాతలో కనపడింది. దాని గొంతు విని చాలా రోజులైంది. వేగం మామూలుకి దింపి పెట్టాను.

భీమేశ్వర్రావు గారు పడవ ఇక్కణ్నించి తీసెయ్యమంటున్నాడు. లోవకుమారి గరిటె పట్టుకుని ఎందుకండి అంటోంది. ఒక పక్కన పళ్లెం పట్టుకుని తింటున్న తాతబ్బాయి లేచాడు. "ఆర్డరుంటే చూపించండి, మేవే లాగేస్తాం," అన్నాడు. ఆర్డరు చూపించమనడం మా ఊళ్లో చంటిపిల్లలకి కూడా నేర్పిస్తారు. భీమేశ్వర్రావు గారి గొంతు మారలేదు. నా గుమ్మంలో విన్న గొంతే. "చూపిస్తా, రా," అన్నాడు.

పట్టీ ఉండేది ఆయన నుదుటి మీద. ఆయన ఎక్కడుంటే నేనూ అక్కడే. లాఠీ నా భుజం పక్కనుంచి లేచింది. మొదటి దెబ్బకి పళ్లెం ఎగిరిపోయింది. తాతబ్బాయి మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులూ పైకెత్తాడు. చేతులెత్తినవాడి మీద మళ్లీ పడింది. మళ్లీ పడింది. తరవాత భీమేశ్వర్రావు గారు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఒలికిన చెట్నీ మీద కాలు జారింది. ఆకాశం కనపడింది, ఆ వెంటనే పచ్చటి నీళ్లు. ఎవరూ తొయ్యలేదు. నీళ్లలోంచి పైకి చూస్తే ఒక చెయ్యి కిందికి చాచి ఉంది. తాతబ్బాయి దెబ్బ తగలని చేత్తో ఆయన్ని పైకి లాగాడు.

తెర ఆపేసి బయటికొచ్చి తెప్ప అంచున కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది. ఈ వారం లోవకుమారి నా కళ్లలోకి చూసింది. పళ్లెం ఇచ్చాక కూడా వదలకుండా పట్టుకుని నిలబడింది. వరుసలో అందరికీ తెలుసు. అందరూ చూశారు. ఎవరైనా ఒక్కరు నాకు చెప్పబోతే తాతబ్బాయి ఇంకొన్నాళ్లు లోపలే ఉంటాడు, అందుకని అందరూ పళ్లు బిగపట్టి నన్ను చూస్తూ ఊరుకున్నారు.

ఎంట్రీ 32. శ్రావణం

వారమంతా వేలు వెయ్యలేదు. తాతబ్బాయి లోపల భుజం పట్టుకుని కూర్చుని ఉంటాడని తెలుసు. 'కాదు' వేస్తే ఈ గుమ్మంలోకి ఇక ఎవరూ రారనీ తెలుసు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికే సిగ్గేసింది. అయినా చూసుకున్నాను.

సోమవారం ఆయన వచ్చాడు. ఈసారి పీట మీద కూర్చున్నాడు. కూతురు ఈతలో రెండో బహుమతి తెచ్చుకుందని చెప్పాడు. నాకు నిమ్మకాయలు తెచ్చాడు. వెళ్లబోతూ, ఆ తాతబ్బాయి సంగతి ఇంకా తేల్చలేదేంటండి అని అడిగాడు.

"నీళ్లలో ఎలా పడ్డారు భీమేశ్వర్రావు గారూ?" అన్నాను.

"ఆయ్, తోసేడు కదండీ." నా కళ్లలోకి చూసే చెప్పాడు. గొంతు ఎప్పటిలాగే ఉంది.

అంతసేపూ నాలో ఒక మూల ఆశ ఉంది. కోపంలో చెయ్యి చేసుకున్నానండి అని ఒక్క మాట అంటే ఏం చేసేదాన్నో నాకే తెలీదు. ఆయన అనలేదు. నిమ్మకాయలు అక్కడే వదిలేసి వెళ్లాడు. ఆయన పడవ మలుపు తిరిగాక లోపలికొచ్చి 'కాదు' మీద వేలు వేశాను. తరవాత చాలాసేపు ఏడ్చాను. న్యాయం చేశానన్న తృప్తి కొంచెమైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు.

ఎంట్రీ 35. భాద్రపదం

ఇవాళ సభ తెప్ప మీద పంచాయితీ. వేరే వరుసల నుంచి చీటీలో వచ్చిన ముగ్గురు కూర్చున్నారు. మాట్లాడ్డానికి నా కంకణం కాసేపు విప్పారు. చెయ్యి తేలిగ్గా ఉండి ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. మైకులో ఊరంతా వినేలా మాట్లాడినదాన్ని, గట్టిగా మాట్లాడమని రెండుసార్లు చెప్పించుకున్నాను. నీళ్లు తెప్పించి ఇచ్చారు.

ముగ్గురిలో పెద్దావిడ, ఈ హెడ్డుతో మీకేమైనా పగ ఉందా అని అడిగింది. లేదన్నాను. ఈ ఊళ్లో నాతో మాట్లాడే మనిషి ఆయనొక్కడే అన్నాను. ఆవిడ మిగతా ఇద్దరి వైపూ చూసింది. డబ్బా తెచ్చే మనిషికి మాటకట్టు లేదన్న సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ పట్టలేదని వాళ్ల మొహాలే చెప్పాయి.

భీమేశ్వర్రావు గారికి ఒక ప్రశ్న అడిగే హక్కు ఇచ్చారు. ఆయన లేచి నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు.

"ఇన్నాళ్లు మీ గుమ్మానికి వచ్చానండి అక్కగారూ. ఒక్కనాడైనా మీతో తేడాగా మాట్లాడేనాండి?"

"లేదు," అన్నాను. "మీరు మంచిగా మాట్లాడుతుంటే మిమ్మల్ని చూడ్డం మానేశాను."

తాతబ్బాయిని విడిచిపెట్టారు. హెడ్డు పట్టీ అక్కడే తీయించి ఆయన్ని డ్యూటీ నుంచి తప్పించారు. అందరూ లేవబోతుంటే నేను ఇంకో మాట చెప్పాలన్నాను. చైత్రం నుంచి వచ్చిన డబ్బాలు నేను సరిగా చూడలేదు, నాలుగు రెట్ల వేగంతో తిప్పేసి 'సరే' వేశాను, ఆ 'సరే'ల మీద ఎవరెవరు ఎక్కడెక్కడికి వెళ్లారో నాకు తెలీదు, వాటిని నాకు మళ్లీ ఇవ్వండి అన్నాను.

మళ్లీ చూడాలంటే మీ గడువు పెరుగుతుందమ్మా, అంది పెద్దావిడ. ఆశ్వయుజంలో విప్పాల్సిన కంకణం వచ్చే ఎండాకాలం దాకా ఉంటుంది. ఆలోచించుకోండి, ఇంకొకరి చేత చూపించవచ్చు, అంది. వెనక ఎక్కడో లోవకుమారి గొంతు వద్దే అన్నట్టు వినపడింది. కంకణం లేని చెయ్యి కాబట్టి ఏదీ ఎర్రబడలేదు. వెనక్కి తిరిగి దాన్ని చూశాను. మాట్లాడ్డానికి నాకు ఇంకా వీలుంది. నవ్వాను. అది ఏడుస్తోంది. తరవాత చెయ్యి చాపాను, మళ్లీ బిగించారు.

ఎంట్రీ 36. భాద్రపదం

తాతబ్బాయి ఇంటికొచ్చాడు. కట్టు కట్టిన చెయ్యి మెడకి వేళ్లాడుతోంది. వచ్చీ రాగానే పడవ నా మోకుకే కట్టాడు. ఇల్లు ఒరిగింది. తిట్టడానికి నోరు తెరిచి మూసుకున్నాను. వాడు నా వైపు తిరిగి, మాట్లాడకూడదు గనక అలాగే కాసేపు నిలబడి, లోపలికి వెళ్లిపోయాడు.

డబ్బాలు ఇప్పుడు నీటి మీద తనంతట తనే వచ్చే చిన్న తొట్టెలో వస్తున్నాయి. అందులో మనిషి ఉండడు. మూత తీసి నేనే తీసుకోవాలి. పంచాయితీవాళ్లు రూలు దిద్దారు. మంచి పనే చేశారు.

ఎంట్రీ 39. ఆశ్వయుజం

చైత్రం మొదటి డబ్బా పెట్టాను. మామూలు వేగం. లైసెన్సు, జరిమానా, తాగుబోతు. ఆయన చెప్పినట్టే ఉంది. తరవాత బొమ్మలో ఒక పడవ మూడో వరుస చివరికొచ్చి ఆగింది. ఒక గుమ్మం కనపడింది. నా గుమ్మమే. పట్టీ మాట మొదలైన ప్రతిచోటా పడుతుంది కదా, నాతో మాటలూ పడ్డాయి. మా ఇంట్లో నేను చెప్పుకున్న కబుర్లే కదా అని ఆ ముక్కలు ఒక్కసారి కూడా ఆపి చూడలేదు.

తలుపు తెరుచుకుంది. దువ్వుకున్న తలతో ఒక ఆడమనిషి. ఆయన ఇంకా రెండు వాక్యాలూ చదవకముందే ఆవిడ పీట వాల్చేసింది. ఆయన ఏదన్నా అంటే ఆ మొహం ఎలా విప్పారుతోందో, ఆయన చెప్పులకేసి చూస్తే ఎలా ముడుచుకుంటోందో చూశాను. అడిగినదానికీ అడగనిదానికీ మాట తెంచకుండా మాట్లాడుతోంది. ఎవరి మొహంలోనూ అంత ఆకలి నేను చూడలేదు.

ఆయన లేచి పడవెక్కాడు. తలుపు మూసుకోలేదు. ఆవిడ ఇంకా చెయ్యి ఊపుతూనే ఉంది. పడవ కదిలాక బోటు డ్రైవరు ఏదో అడిగాడు. భీమేశ్వర్రావు గారు నవ్వాడు. ఆ నవ్వులో చెడేమీ లేదు, జాలి ఉంది.

"పాపం, మాటకి మొహం వాచిపోయిందిరా మనిషి," అన్నాడు. "రెండు మాటలు చెప్తే చాలు. ఇంక డబ్బా ముట్టుకోదు."

తెర ఆపలేదు. అది తన దారిన నడిచింది. తరవాతి ముక్కలో ఒక కుర్రవాడు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, వాడికి నేను 'సరే' వేసి ఉన్నాను, వాడి పెదవి చిట్లి ఉంది.

కళ్లు తుడుచుకుని వెనక్కి తిప్పాను. వాడు మొదట ఏమన్నాడో వినాలి.